పాత మిలిటరీ బండ్లు, రేడియో సెట్లు: కొత్తవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సైన్యం వాడి పక్కన పెట్టేసిన జీపులు, ట్రక్కులు, రేడియో సెట్లు తెచ్చుకుని బాగుచేసుకోవడం చాలా ఏళ్లుగా నా వ్యాపకం. కొత్తగా ఇందులోకి వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి. కొన్ని రెండు ముక్కల్లో అయిపోతాయి, కొన్ని పొడుగ్గా సాగుతాయి. ప్రాణం మీదికి వచ్చే విషయాలను కుదించి చెప్పడం నాకు ఇష్టం లేదు.

సర్‌ప్లస్ అంటే ఏమిటి? బాగున్న వస్తువును సైన్యం ఎందుకు అమ్మేస్తుంది?

అవసరానికి మించి మిగిలిపోయినవి, కొత్త మోడల్ రావడంతో సర్వీసు నుంచి తప్పించినవి సర్‌ప్లస్ కిందికి వస్తాయి. చెడిపోయింది కాబట్టే అమ్మారని అనుకోనక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జీపులే ఆరు లక్షలకు పైగా తయారయ్యాయి. జీఎంసీ వాళ్ల రెండున్నర టన్నుల ట్రక్కులు ఐదు లక్షలు దాటాయి. 1945లో యుద్ధం ముగిసేసరికి ఇన్ని బండ్లతో సైన్యాలకు పని లేకుండా పోయింది. రైతులు, కాంట్రాక్టర్లు, ఇతర దేశాల సైన్యాలు వాటిని తీసుకున్నాయి. రేడియోల సంగతీ అంతే. ప్యాకింగ్ కూడా విప్పని రిసీవర్లు చవగ్గా దొరకడంతో ఆ తరం అమెచ్యూర్ రేడియోవాళ్లు (లైసెన్స్ తీసుకుని సరదాకు రేడియోలో మాట్లాడుకునేవాళ్లు) చాలామంది వాటిమీదే పని నేర్చుకున్నారు.

కొన్నిటిని మాత్రం అమ్మే ముందు కావాలనే పనికిరాకుండా చేస్తారు. అమెరికా సైన్యం ఎం-151 జీపుల్ని ముక్కలుగా కోసి అమ్మింది. మొదటి రకాల్లో మలుపు దగ్గర వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని బండి బోల్తాపడే గుణం ఉండటమే దానికి కారణం. తర్వాత వచ్చిన ఎ2 రకంలో వెనక సస్పెన్షన్ మార్చారు. కోసిన ముక్కల్ని మళ్లీ వెల్డింగ్ చేసి నిలబెట్టిన ఎం-151లు బజారులో తిరుగుతుంటాయి. అలాంటిది కనిపిస్తే బాడీ అడుగున వెల్డింగ్ గీతల్ని ఒక్కొక్కటీ చూడండి. వెల్డింగ్ చేసినవాడి పని మీద మీకు నమ్మకం కలగకపోతే ఆ బండి వద్దు.

మొదటి బండిగా ఏది తీసుకోవాలి?

స్పేర్ పార్టులు దొరికేది, మీ షెడ్డులో పట్టేది, మీరు ఎత్తగలిగేది తీసుకోండి. ఈ మూడూ చూస్తే యుద్ధకాలపు జీపు, అంటే విల్లీస్ ఎంబీ గానీ దాని కవల అయిన ఫోర్డ్ జీపీడబ్ల్యూ గానీ, ఇప్పటికీ మంచి ఎంపికే. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను, 60 హార్స్‌పవర్, మూడు గేర్లు, 6 వోల్టుల కరెంటు, అంతే. ఇంజను నుంచి బాడీ రేకు దాకా దాదాపు ప్రతి భాగాన్నీ ఇప్పటికీ కొత్తగా తయారుచేస్తున్నారు. ఈ రంగంలో పాతుకుపోయినవాళ్లు దీన్ని జీ-503 అంటారు. సప్లై కేటలాగులో జీపుకు ఇచ్చిన నంబరది. ముప్పావు టన్ను డాడ్జ్ జీ-502, జీఎంసీ ట్రక్కు జీ-508. పార్టులు వెతికేటప్పుడు ఈ నంబర్లు తెలిసి ఉంటే పని సగం తేలికవుతుంది.

బ్రిటిష్ సైన్యం వాడిన ల్యాండ్ రోవర్ లైట్‌వెయిట్ కూడా మంచిదే. హెలికాప్టర్‌కు వేలాడదీసి తీసుకెళ్లడానికి వీలుగా దాన్ని సన్నగా చేసి, బాడీ భాగాలు ఊడదీసేలా పెట్టారు. అందుకే దానిమీద పని చేయడం సుఖం.

పెద్ద ట్రక్కుల మీద మనసు పోవడం సహజం. నాకూ పోయింది. కానీ ట్రక్కు టైరును ఒక్క మనిషి ఎత్తలేడు. గేర్‌బాక్స్ దించాలంటే హాయిస్టు కావాలి. ముందు ఒక చిన్న బండిని చివరిదాకా పూర్తి చేయండి, ఆ తర్వాత ట్రక్కు సంగతి చూడొచ్చు.

ఇది అసలైన విల్లీసేనా? ఫోర్డా? లేక అతుకుల బొంతా?

ముందు ఛాసిస్ చూడండి. రేడియేటర్ కింద ముందువైపు అడ్డుపట్టీ గుండ్రటి పైపైతే విల్లీస్ ఛాసిస్. తిరగేసిన 'యు' ఆకారపు ఛానలైతే ఫోర్డ్. ఫోర్డ్ తన బోల్టుల మీద, చిన్నాచితకా భాగాల మీద కూడా ఎఫ్ అక్షరం అచ్చువేసింది. గ్రిల్లులో తొమ్మిది సందులుంటే యుద్ధకాలపు బండి, ఏడుంటే తర్వాత వచ్చిన సివిలియన్ జీపు గ్రిల్లు. 1942 మొదటి నెలల దాకా వచ్చిన కొన్ని విల్లీస్ బండ్లకు రేకు గ్రిల్లు బదులు ఇనప పట్టీలు వెల్డింగ్ చేసిన గ్రిల్లు ఉండేది.

డ్యాష్‌బోర్డు మీది పేరు ప్లేట్లను మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. అవి కొత్తవి ఎక్కడైనా దొరుకుతాయి. ఇంకో మాట, విల్లీస్ ఛాసిస్ మీద ఫోర్డ్ బాడీ కనిపించినంత మాత్రాన మోసమని తీర్మానించనక్కర్లేదు. సైన్యం వర్క్‌షాపుల్లోనే ఆ మార్పిడి చాలాసార్లు జరిగింది. బండి పనికొస్తే చాలన్నదే అప్పటి లెక్క. నా దృష్టిలో అది కూడా ఆ బండి చరిత్రే.

కొనే ముందు ఏం చూడాలి?

కాగితాలు, ఛాసిస్, తుప్పు, అదే వరుసలో. ఛాసిస్ మీది నంబరు, కాగితాల్లోని నంబరు కలవకపోతే ఎంత ముచ్చటగా ఉన్నా తీసుకోకండి. రోడ్డు మీద తిప్పే అనుమతి, సివిలియన్ రిజిస్ట్రేషన్ సంగతి దేశానికో తీరుగా ఉంటుంది. కొన్నిచోట్ల సైన్యం ఇచ్చే కాగితంలోనే 'రోడ్డుకు పనికిరాదు' అని రాసి ఉంటుంది. డబ్బు చేతులు మారాక ఆ మాట చదివి ప్రయోజనం లేదు.

తుప్పు విషయంలో కంటికి కనిపించేది తక్కువ. బాడీ కింద ఛాసిస్‌ను స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తిన్నది మొద్దుగా పలుకుతుంది. కొత్తగా మందంగా రంగు వేసిన బండి కంటే రంగు వెలిసిన బండినే నేను ఎక్కువ నమ్ముతాను. నా మొదటి బండిని మెరిసే రంగు చూసి తీసుకున్నాను. రంగు కింద వేలు మందాన పుట్టీ, పుట్టీ కింద ఇనుమే లేదు.

బండి ఇంటికొచ్చింది. ఎప్పుడు స్టార్ట్ చేయొచ్చు?

ఈ రోజు వద్దు. ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇంజనును వచ్చీరాగానే సెల్ఫ్ కొట్టడం వల్ల పాడైనన్ని ఇంజన్లు మరి దేనివల్లా పాడవలేదని నా నమ్మకం. ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం పల్చటి ఆయిల్ పోసి, ఒకటి రెండు రోజులు నాననివ్వండి. తర్వాత చేత్తో తిప్పండి. హ్యాండిలు ఉన్న బండైతే మరీ మంచిది. తిరగకపోతే బలం పెట్టకండి. పిస్టన్ రింగు పట్టేసి ఉండొచ్చు, లేదా వాల్వు బిగుసుకుని ఉండొచ్చు.

చేతికి తేలిగ్గా తిరిగితే పాత ఇంజనాయిల్ దించండి. దానిలో నీళ్లున్నాయేమో చూసి కొత్తది పోయండి. ఎయిర్ క్లీనర్ తెరవండి, ఎలుకలకు అది ఇష్టమైన చోటు. పెట్రోల్ ట్యాంకును మొదటి రోజు ముట్టుకోవద్దు. పాత పెట్రోల్ జిగురులా మారి, తుప్పుతో కలిసి కార్బురేటర్‌లోకి దిగుతుంది. చిన్న డబ్బాలోంచి వేరే పైపుతో శుభ్రమైన పెట్రోల్ ఇవ్వండి, మంట ఆర్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. ఇంజను అందుకున్నాక మొదట చూడాల్సింది ఆయిల్ ప్రెషర్ మీటర్. కొన్ని సెకన్లలో ముల్లు లేవకపోతే ఆపేయండి.

ఇదంతా అయ్యాక కూడా బండిని గేటు దాటించకండి. బ్రేకులు ఇంకా చూడలేదు.

బ్రేకుల సంగతేమిటి? బ్రేక్ ఆయిల్ ఏది పోయాలి?

రంగు కంటే, సీట్ల కంటే, ఇంజను కంటే కూడా బ్రేకులు ముందు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు బయటికి బాగానే కనిపించినా మార్చేయండి. లోపల రబ్బరు వాచి గొట్టం మూసుకుపోయినా పైకి తెలియదు. ఇనప పైపుల్నీ ఒకసారి వేళ్లతో తడిమి చూడండి.

పాత మిలిటరీ బండ్లలో చాలావాటికి ఒకే బ్రేక్ సర్క్యూట్ ఉంటుంది. ఎం-35ఏ2 లాంటి పెద్ద ట్రక్కుకు కూడా మాస్టర్ సిలిండర్ ఒక్కటే. ఏ చక్రం దగ్గర ఒక్క గొట్టం తెగినా అన్ని చక్రాల బ్రేకులూ ఒక్కసారిగా పోతాయి. ఇప్పటి కార్లు నడిపి అలవాటైన మనకు ఈ సంగతి తట్టదు. అందుకే హ్యాండ్‌బ్రేక్‌ను అలంకారంలా వదిలేయకుండా, నిజంగా పట్టేలా చేసి పెట్టుకోండి.

ఇక ఆయిల్. అమెరికా సైన్యం 1980ల నుంచి డాట్-5 అనే సిలికాన్ రకానికి మారింది. అది గాలిలోని తేమను పీల్చుకోదు, కారినా రంగును తినదు. మామూలు డాట్-3, డాట్-4 రకాలతో అది కలవదు. మీ బండిలో ఏముందో తెలియకుండా పైన ఇంకోటి పోయకండి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలంటే మొత్తం దించి, పైపులు కడిగి, రబ్బర్లన్నీ కొత్తవి వేయాలి. ఎక్కువసేపు షెడ్డులోనే ఉండే బండికి సిలికాన్ రకం నాకు నచ్చుతుంది. కానీ లోపలికి ఎలాగో చేరిన నీటి చుక్కలు అందులో కలవవు కాబట్టి అడుగున చేరి అక్కడే తుప్పు పట్టిస్తాయి. అప్పుడప్పుడు బ్లీడ్ చేస్తూ, అంటే చక్రాల దగ్గర కొంచెం ఆయిల్ బయటికి వదులుతూ ఉండాలి.

చక్రాల రిమ్ములు రెండు ముక్కలుగా ఉన్నాయి. నేనే విప్పొచ్చా?

ఈ జవాబు నిదానంగా చదవండి. యుద్ధకాలపు జీపుల కంబాట్ రిమ్ము రెండు సగాల్ని నట్లతో బిగించి చేసింది. అంటే ఒకే చక్రం మీద రెండు వలయాల నట్లు కనిపిస్తాయి. లోపలి వలయం చక్రాన్ని హబ్బుకు పట్టి ఉంచుతుంది. బయటి వలయం రిమ్ము రెండు సగాల్ని పట్టి ఉంచుతుంది. గాలి ఉన్న టైరు మీద పొరపాటున బయటి నట్లు వదులు చేస్తే, లోపలి ఒత్తిడికి ఆ సగం మనిషి మీదికి ఎగిరివస్తుంది. మనుషులు ఇలా చనిపోయారు. పెద్ద ట్రక్కుల లాక్‌రింగ్ చక్రాలకూ, అంటే రిమ్ము అంచున ఇనప రింగు టైరును పట్టి ఉంచే వాటికీ, ఇదే ప్రమాదం.

చక్రం ఏ పనికి విప్పుతున్నా ముందు వాల్వు పిన్ను పూర్తిగా తీసేయండి. గాలి పోయే చప్పుడు ఆగింది కదా అని అయిపోయిందనుకోకండి, తుప్పు ముక్క అడ్డుపడి ఉండొచ్చు. వాల్వులోకి సన్నటి తీగ దూర్చి చూశాకే నట్టు ముట్టుకోండి. మళ్లీ గాలి నింపేటప్పుడు చక్రాన్ని ఇనప బోనులో పెట్టి, పొడవాటి గొట్టంతో పక్కకు నిలబడి నింపాలి. బోను లేకపోతే ట్రక్కు టైర్లు చేసే అనుభవజ్ఞుడి దగ్గరికి తీసుకెళ్లండి. తుప్పు తిన్న రింగును, కొద్దిగా వంగిన రింగును మళ్లీ వాడొద్దు.

24 వోల్టుల బండిలో 12 వోల్టుల సామాను పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ రెండు బ్యాటరీల్లో ఒకదాని మీద వైరు లాగి కాదు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉన్నప్పుడు ఒకదాన్నుంచే కరెంటు వాడుకుంటే అది ఎప్పుడూ సగం ఖాళీగా, రెండోది ఎప్పుడూ ఎక్కువ ఛార్జింగుతో ఉంటాయి. కొన్ని నెలల్లో రెండూ పోతాయి. 24 నుంచి 12కి తగ్గించే కన్వర్టర్ పెట్టండి.

మల్టీఫ్యూయల్ ఇంజనులో ఏది పోసినా నడుస్తుందట కదా?

ఎం-35ఏ2లో ఉండే 7.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను గురించి ఈ మాట వింటుంటాం. డీజిల్, జెట్ ఇంధనం, కిరోసిన్ లాంటివాటితో నడిచేలా దాన్ని తయారుచేసిన మాట నిజమే. పెట్రోల్ పోయడం మాత్రం వేరే గతిలేనప్పటి దారి. డీజిల్‌కున్న జిడ్డు పెట్రోల్‌కు లేదు కాబట్టి ఇంజెక్షన్ పంపు అరిగిపోతుంది. హాబీగా నడిపే మనకు ఆ అగత్యం లేదు. శుభ్రమైన డీజిల్ పోయండి, ఫిల్టర్లు సమయానికి మార్చండి.

ఏ రంగు వేయాలి? పాత రంగు గీకేయొచ్చా?

గీకే ముందు ఆగండి. పాత రంగుల్లో సీసం ఉంటుంది. 1980ల తర్వాతి సైనిక రంగుల్లో రసాయన ఆయుధాల్ని తట్టుకునే కార్క్ అనే రకం ఉంది. దాని కింది ప్రైమర్లలో క్రోమియం విషపు రూపంలో ఉండొచ్చు. పొడిగా ఇసుక కాగితంతో రుద్దితే ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి రుద్దండి, సరైన రెస్పిరేటర్ పెట్టుకోండి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు. కార్క్ రంగును స్ప్రే చేసే పనికి మాత్రం మీరు దిగకండి. దానిలోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఆస్తమా తెస్తాయి. మామూలు ఎనామెల్‌లో అదే రంగు దొరుకుతుంది.

ఆలివ్ గ్రీన్ అనగానే ఒకటే రంగనుకుంటాం. అమెరికా ఎఫ్‌ఎస్ 595 రంగుల పట్టికలో అయిదంకెల నంబరుంటుంది. మొదటి అంకె 1 అయితే పూర్తి మెరుపు, 2 అయితే సగం మెరుపు, 3 అయితే మెరుపు లేనిది. అందుకే 24087, 34087 ఒకే రంగైనా బండి మీద వేరుగా కనిపిస్తాయి. ఆ పట్టిక మొదట వచ్చింది 1956లో. యుద్ధకాలపు జీపుకు ఆ నంబరు చెప్పి రంగు కలపమంటే కచ్చితమైన రంగు రాదు. బండి మీదే వెతకండి. డేటా ప్లేటు వెనక, సీటు కింద, టూల్ బాక్సు లోపల ఎండ తగలని చోట మొదటి రంగు ఇంకా దాక్కుని ఉంటుంది.

రేడియోల్లో దేనితో మొదలుపెట్టాలి?

రిసీవర్‌తో. వినడంతో మొదలుపెడితే ప్రమాదం తక్కువ, ఆనందం త్వరగా వస్తుంది. బీసీ-348 నేను అందరికీ చెప్పే సెట్టు. యుద్ధకాలంలో బీ-17, బీ-24 బాంబర్లలో ఉండేది. షార్ట్‌వేవ్‌లో 18 మెగాహెర్ట్జ్ దాకా అందుకుంటుంది. లోపల చేయి పెట్టి పని చేయడానికి కాస్త చోటుంది.

ఆర్-390ఏ అంటే అందరికీ మోజు. కాలిన్స్ కంపెనీ రూపొందించిన ఈ రిసీవర్ 0.5 నుంచి 32 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. ఫ్రీక్వెన్సీని తిరిగే అంకెల చక్రాల మీద చూపిస్తుంది. దాదాపు 38 కిలోల బరువు. లోపలి పళ్లచక్రాల పొందిక చూస్తే గడియారం గుర్తొస్తుంది. మొదటి సెట్టుగా మాత్రం వద్దంటాను. ఒకవేళ చేతికొస్తే, నాబ్ బిగుసుకుని ఉంటే తిప్పకండి, ఎండిపోయిన గ్రీజు కడిగి కొత్త నూనె వేయండి. స్విచ్ వేసే ముందు ఐఎఫ్ (మధ్యస్థ ఫ్రీక్వెన్సీ) విభాగంలోని సీ-553 అనే కెపాసిటర్‌ను మార్చండి. అది షార్టయితే ఖరీదైన మెకానికల్ ఫిల్టర్లు కాలిపోతాయి, వాటికి ప్రత్యామ్నాయం దొరకడం కష్టం.

రేడియోల్లో వాల్వులంటే ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాలు. వాటికి భయపడితే పీఆర్‌సీ-77 ఉంది. వీపున మోసే సెట్టు, పూర్తిగా ట్రాన్సిస్టర్లు. దీనికి ముందొచ్చిన పీఆర్‌సీ-25లో చివరి దశలో ఒక్క వాల్వు ఉండేది. బండిలో పెట్టుకోవడానికి వైర్‌లెస్ సెట్ నంబర్ 19 ఎంతో ముచ్చటైనది. యుద్ధకాలపు ట్యాంకుల కోసం చేసిన ఆ సెట్టులో 2 నుంచి 8 మెగాహెర్ట్జ్ సెట్టు, దగ్గరివాళ్లతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ సెట్టు, సిబ్బంది ఇంటర్‌కామ్ మూడూ ఒకే పెట్టెలో ఉంటాయి. కెనడాలో తయారైన వాటిలో కొన్నిటి మీద ఇంగ్లిష్‌తో పాటు రష్యన్ అక్షరాలు కనిపిస్తాయి. సోవియట్ సైన్యానికి పంపడానికి చేసినవి అవి.

ఏఎన్/పీఆర్‌సీ, వీఆర్‌సీ, బీసీ... ఈ పేర్ల అర్థమేమిటి?

ఏఎన్ అంటే ఆర్మీ-నేవీ ఉమ్మడి పద్ధతి. దాని తర్వాతి మూడక్షరాలకు మూడు పనులు. మొదటిది ఎక్కడ వాడతారో చెబుతుంది: పి అయితే మోసుకెళ్లేది, వి అయితే బండిలో పెట్టేది, ఎ అయితే విమానంలోది. రెండోది ఏ రకమో చెబుతుంది, ఆర్ అంటే రేడియో. మూడోది పని: సి అంటే రెండువైపులా మాట్లాడేది, ఆర్ అంటే వినేది మాత్రమే. ఇది తెలిస్తే ఏఆర్‌సీ అన్న పేరు చూడగానే విమానంలో మాట్లాడే రేడియో అని అర్థమవుతుంది. అంతకు ముందటి ఎస్‌సీఆర్ అన్నది మొత్తం సెట్టు పేరు, బీసీ అన్నది అందులో ఒక భాగం పేరు. ఎస్‌సీఆర్-300 వీపు సెట్టులో అసలు రేడియో పెట్టె మీద బీసీ-1000 అని ఉండటం అందుకే.

మాన్యువళ్లకూ ఇలాగే ఉంటుంది. టీఎం 9తో మొదలైతే బండ్లవి, టీఎం 11తో మొదలైతే రేడియోలవి. సెట్టు కంటే ముందు దాని మాన్యువల్ సంపాదించండి. అంతకు ముందు ఎప్పుడూ రేడియో విప్పని కుర్రాళ్ల కోసం రాసిన పుస్తకాలవి. ఇంత ఓపిగ్గా, ఇంత స్పష్టంగా రాసిన సాంకేతిక పుస్తకాలు నేను వేరే చూడలేదు.

పాత వాల్వు సెట్టుకు మొదటిసారి కరెంటు ఎలా ఇవ్వాలి?

నేరుగా ప్లగ్గు పెట్టకండి. నేను పెట్టాను. సెట్టు అమ్మిన మనిషి నిన్నే పనిచేసిందని చెప్పాడు, నమ్మాను. ఒక నిమిషం చక్కగా పలికి, తర్వాత పొగ వచ్చి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. తప్పు చేసింది అరచేతిలో పట్టే ఒక చిన్న కెపాసిటర్. ఆ ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది మళ్లీ దొరకడానికి రెండేళ్లు పట్టింది.

ముందు మూత తీసి కళ్లతో చూడండి: కాలిన రెసిస్టర్లు, మైనం కారిన కెపాసిటర్లు, ఎవరో మధ్యలో చేసిన మార్పులు. మల్టీమీటర్‌తో హైటెన్షన్ లైనుకు (సెట్టు లోపల వాల్వులకు వందల వోల్టులిచ్చే లైను), ఛాసిస్‌కు మధ్య రెసిస్టెన్స్ చూడండి. పాత కార్బన్ రెసిస్టర్లు కాలం గడిచే కొద్దీ విలువ పెరిగిపోతాయి, వాటినీ కొలవండి. కాగితపు కెపాసిటర్లను బాగున్నాయా లేదా అని పరీక్షిస్తూ కూర్చోకుండా మార్చేయడమే మేలు. అందులోనూ అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు సిగ్నల్ తెచ్చే కెపాసిటర్‌ను తప్పకుండా మార్చండి. అది కాస్త లీకైనా వాల్వు మితిమీరి కరెంటు లాగుతుంది, దాంతోపాటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది.

తర్వాత సిరీస్ బల్బు. సెట్టుకు వెళ్లే ఒక లైనులో మామూలు ఫిలమెంట్ బల్బు పెట్టండి. లోపల షార్టుంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. లేకపోతే కాసేపు వెలిగి మసకబారుతుంది. దొరికితే వేరియాక్ (వోల్టేజీని కావాల్సినంతకు తిప్పుకునే ట్రాన్స్‌ఫార్మర్) మీద వోల్టేజీని గంటల తరబడి నెమ్మదిగా పెంచితే నిద్రపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కొన్ని కోలుకుంటాయి. వేడెక్కే దాన్ని మాత్రం ఉంచొద్దు.

స్విచ్ ఆపినా ఈ సెట్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. పెద్ద ట్రాన్స్‌మిటర్లలో వేల వోల్టులు కూడా. ప్లగ్గు పీకి, రెసిస్టర్‌తో కెపాసిటర్లు ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా చూసి, అప్పుడు చేయి పెట్టండి. కరెంటు ఉండగా కొలవాల్సివస్తే ఒక చేయి జేబులో ఉంచుకోండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు ఈ పని చేయకండి.

115 వోల్టులని రాసి ఉంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఇంటి కరెంటు ఇవ్వొచ్చా?

వోల్టుల పక్కన సైకిల్స్ (ఇప్పటి మాటలో హెర్ట్జ్) చూడండి. 400 అని ఉంటే అది విమానం సామాను. బరువు తగ్గించడానికి అక్కడ 400 హెర్ట్జ్ కరెంటు వాడతారు, దాంతో ట్రాన్స్‌ఫార్మర్లో ఇనుము తక్కువ సరిపోతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు మన 50 లేక 60 హెర్ట్జ్ ఇస్తే కోర్ తట్టుకోలేక నిమిషాల్లో కాలిపోతుంది. 400 హెర్ట్జ్ ఇన్వర్టర్ కొనండి, లేదా పవర్ సప్లైని విడిగా కట్టుకోండి.

డైనమోటార్ తీసేసి కొత్త పవర్ సప్లై పెట్టనా?

డైనమోటార్ అంటే బ్యాటరీ కరెంటుతో తిరుగుతూ, అదే ఇరుసు మీద హైటెన్షన్ పుట్టించే యంత్రం. అది ఊపందుకునేటప్పుడు వచ్చే సన్నటి కూత వింటే ఆ సెట్టు నిజంగా లేచి కూర్చున్నట్టుంటుంది. రోజూ వినడానికి మాత్రం ఆ రొద కష్టమే. కొత్త సప్లై కట్టండి, కానీ డైనమోటార్ ఉన్న చోటే, అదే ప్లగ్గులోకి దిగేలా కట్టండి. ఛాసిస్‌కు కొత్త చిల్లు పెట్టొద్దు. తీసిన డైనమోటార్‌కు బేరింగులు గ్రీజు చేసి, చీటీ కట్టి, సెట్టుతోపాటే దాచండి. 1950లలో ఎంతోమంది ఈ సెట్లకు చిల్లులు పెట్టి, పార్టులు పీకి, ఇంటి అవసరాలకు మార్చుకున్నారు. అప్పుడవి కొల్లలు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. ఈ రోజు ముట్టుకోని సెట్టు చేతికొస్తే దాన్ని అలాగే ఉంచే బాధ్యత మనదే.

డయల్ అంకెలు చీకట్లో వెలగడం లేదు. రేడియం ప్రమాదం పోయినట్టేనా?

పోలేదు. చీకట్లో మెరిసే ఆ పాత రంగులో రేడియోధార్మికమైన రేడియం, దానివల్ల వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ పొడి ఉంటాయి. ఆ పొడి కొన్ని దశాబ్దాల్లో అరిగిపోతుంది. కానీ రేడియం-226 సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. వెలుగు పోయిన మీటరు కూడా కొత్తప్పుడున్నంత చురుగ్గానే ఉంటుంది. గాజు మూత బిగువుగా ఉన్నంతకాలం అంత భయపడనక్కర్లేదు. ప్రమాదమంతా ఆ రంగు పొడిగా రాలి నోట్లోకో ముక్కులోకో వెళ్లినప్పుడు. కాబట్టి ఆ మీటర్ తెరవొద్దు, అంకెల్ని గీకొద్దు, మళ్లీ రంగు వేయాలనుకోవద్దు. గాజు పగిలి ఉంటే గట్టి ప్లాస్టిక్ సంచిలో రెండు పొరలుగా కట్టి, మీ దేశంలో రేడియోధార్మిక వస్తువులు చూసే కార్యాలయాన్ని అడిగి వాళ్లు చెప్పినట్టు చేయండి. ఇలాంటి మీటర్లను పడకగదిలో, గాలి ఆడని చిన్న గదిలో గుట్టగా పెట్టకండి. తర్వాతి తరం సామానులో రేడియం బదులు ట్రిటియం ఉంటుంది. దాని సగం జీవితం 12.3 ఏళ్లు కాబట్టి అది చాలావరకు తగ్గిపోయి ఉంటుంది.

విషాల మాట వచ్చింది కాబట్టి: పాత బ్రేక్ లైనింగులు, సైలెన్సర్ గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలితో ఊదకండి. సెలీనియం రెక్టిఫయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చే భాగం) కాలితే వచ్చే ఘాటు వాసన విషం, కిటికీలు తెరిచి బయటికి వచ్చేయండి.

సెట్టు పనిచేస్తోంది. దీనిలో మాట్లాడొచ్చా?

లైసెన్స్ లేకుండా వద్దు. కొన్ని దేశాల్లో ట్రాన్స్‌మిటర్‌ను దగ్గర పెట్టుకోవడానికే అనుమతి కావాలి, కొన్నిచోట్ల సైనిక సామాను దేశం దాటించడానికి వేరే నిబంధనలుంటాయి. గూఢలిపి పరికరాల జోలికి, ఆయుధాలు బిగించే మౌంట్ల జోలికి చట్టం తెలుసుకోకుండా పోకండి.

అమెచ్యూర్ లైసెన్స్ ఉంటే ఆనందమే వేరు. పీఆర్‌సీ-77 పరిధి 30 నుంచి 75.95 మెగాహెర్ట్జ్. చాలా దేశాల్లో అమెచ్యూర్లకు ఇచ్చే 50 మెగాహెర్ట్జ్ దగ్గరి బ్యాండ్ ఇందులోనే ఉంది. ఆ బ్యాండ్ ఎక్కడిదాకా ఉందో మీ దేశపు పట్టికలో చూసుకోండి. అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. స్విచ్ స్క్వెల్చ్ (ఎవరూ మాట్లాడనప్పుడు హోరు ఆపే ఏర్పాటు) మీద పెడితే అవతలివాళ్ల మాట వినిపించదు. ఆ సెట్టు 150 హెర్ట్జ్ టోన్ కోసం చూస్తుంది, మామూలు రేడియోలు ఆ టోన్ పంపవు. స్విచ్‌ను ఆన్ దగ్గరే ఉంచి ఆ హోరు భరించాలి, లేదా అవతలివాళ్లు 150 హెర్ట్జ్ టోన్ జోడించుకోవాలి.

బండిలో రేడియో పెట్టాను. ఇంజను నడుస్తుంటే బరబరమంటోంది.

స్పార్క్ ప్లగ్గులు, డైనమో బ్రష్షులు చేసే గోల అది. సైన్యానికి ఇది ముందే తెలుసు. యుద్ధకాలపు జీపు బానెట్ మీద నంబరు చివర ఎస్ అక్షరం కనిపిస్తే, ఆ బండికి రేడియో గోల అణిచే ఏర్పాట్లు చేశారని అర్థం. ఇంజనుకు ఛాసిస్‌కు, బానెట్‌కు బాడీకి మధ్య జడలా అల్లిన రాగి పట్టీలుంటాయి. రీస్టోర్ చేసేవాళ్లు వీటిని పనికిరానివనుకుని పారేస్తారు, లేదా వాటి కింద కూడా మందంగా రంగు వేస్తారు. పట్టీలు వెతికి బిగించండి, అవి తాకే చోట మెరిసే ఇనుము కనిపించేదాకా రంగు తీయండి. సగం గోల అక్కడే పోతుంది. మిగతాది ప్లగ్ వైర్ల రెసిస్టర్లు, డైనమో దగ్గరి ఫిల్టర్ చూసుకుంటే తగ్గుతుంది.

విప్పిన పార్టులు ఎలా గుర్తుంచుకోవాలి?

గుర్తుంచుకోలేరు. ఫోటో తీయండి, ప్రతి బోల్టునూ విప్పిన భాగంతోపాటు చీటీ వేసిన సంచిలో పెట్టండి. పాడైన పార్టును కూడా కొత్తది బిగించి నడిపి చూసేదాకా పారేయకండి. కొలతలకు అదే ఆధారం. బండి మొత్తాన్ని ఒకేసారి విప్పినవాళ్లలో మళ్లీ కట్టినవాళ్లు తక్కువ. ఒక్కో భాగం విప్పి, బాగుచేసి, బిగించి, తర్వాతి దానికి వెళ్లండి.

రంగు గీకుతుంటే కింద పాత నంబర్లు, ఎవరిదో పేరు కనిపించాయి. ఏం చేయాలి?

పని ఆపండి. ఏటవాలు వెలుగులో స్కేలు పక్కన పెట్టి ఫోటోలు తీయండి. పై పొరను నీళ్లు, సన్నటి ఇసుక కాగితంతో కొద్దికొద్దిగా తీస్తూ వెళ్లండి, ఒక్కో పొర కనిపించినప్పుడల్లా మళ్లీ ఫోటో. పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి అక్షరాల అంచుల్ని పెన్సిల్‌తో ఎత్తండి. అక్షరాల ఎత్తు, అంచు నుంచి దూరం రాసుకోండి. బానెట్ నంబరు, బంపర్ మీది యూనిట్ గుర్తు దొరికితే ఆ బండి ఏ దళంతో తిరిగిందో వెతకడానికి దారి దొరుకుతుంది. నా జీపు టూల్ బాక్సు మూత లోపల మేకుతో గీసిన రెండు పొడి అక్షరాలు, ఒక తేదీ ఉన్నాయి. బండంతటికీ కొత్త రంగు వేశాను, ఆ మూత లోపలివైపు మాత్రం పల్చటి వార్నిష్ ఒక్క పూత పూసి అలాగే ఉంచాను.